పడక్కుర్చీలో చదివే చదరంగం పుస్తకాలు

సంపాదకులు గారికి నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో చదరంగం నేర్చుకునే పిల్లల కోసం పుస్తకాల జాబితా ఒకటి ప్రచురించారు. జాబితాను శ్రద్ధగానే తయారు చేశారు. అందులో తప్పు పట్టవలసిన పుస్తకం ఒక్కటీ లేదు. అయితే ఆ పన్నెండింటిలో ఏడు ఓపెనింగుల (ఆట ఆరంభపు ఎత్తుల) మీద, మూడు ఎండ్‌గేమ్ (ఆట చివరి దశ) మీద, మిగిలిన రెండు గైడు పుస్తకాల అభ్యాసాల వంటి పజిళ్ళ మీద ఉన్నాయి. రాత్రి భోజనం చేసి పడక్కుర్చీలో వాలి, ఎదుట బల్లా పావులూ లేకుండా, ఒక నవలను చదువుకున్నట్టు చదువుకోగల పుస్తకం అందులో ఒక్కటైనా లేకపోవడం వల్లనే ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. అటువంటి పుస్తకాలు చదరంగంలో కావలసినన్ని ఉన్నాయనీ, వాటిలో కొన్నింటినైనా తెలుగులోకి తేవడం అవసరమనీ మనవి చేయడం నా ఉద్దేశం.

నేను గుంటూరు జిల్లాలోని శాఖా గ్రంథాలయాలలో 31 ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసిన గ్రంథపాలకుణ్ణి. డ్యూయీ వర్గీకరణలో చదరంగం సంఖ్య 794.1. నేను పనిచేసిన చోట్ల ఆ సంఖ్య కింద ఉన్న తెలుగు పుస్తకాలు చేతి వేళ్ళకు మించవు. పావులు ఎలా నడుస్తాయో నేర్పి, నాలుగు ఆటలు చూపించి ముగిసే పుస్తకాలే అవన్నీ. వాటిని తీసుకునేవారు కూడా ఒక్కటే అడిగేవారు: “మావాడి రేటింగ్ పెరిగే పుస్తకం ఉందా అండీ?” ఆటగాడి బలాన్ని అంకెలలో చెప్పే ఆ రేటింగ్ పెరగడాన్ని నేను చిన్నచూపు చూడడం లేదు. కానీ సంగీతం నేర్చుకునే పిల్లవాడికి స్వరాల పుస్తకం ఒక్కటే ఇచ్చి, త్యాగరాజు జీవితం గురించి ఒక్క ముక్కైనా చెప్పకపోతే ఎలా ఉంటుందో, చదరంగం విషయంలో మనం ఇన్నాళ్ళుగా చేస్తున్నది అలాగే ఉంది.

ఈ అలమరలోకి నేను తొంగి చూడడానికి కారణం మీఖాయిల్ తాల్. లాట్వియాలోని రీగా నగరంలో పుట్టిన ఈ ఆటగాడు 1960లో అప్పటి ప్రపంచ విజేత బొత్వినిక్‌ను ఓడించి 23 ఏళ్ళకే ప్రపంచ విజేత అయ్యాడు, మరుసటి ఏడు తిరుగుపోటీలో ఆ కిరీటం పోగొట్టుకున్నాడు. తన జీవితమూ ఆటలూ కలిపి 1970లలో ఆయన రాసిన పుస్తకం మామూలు ఆత్మకథలా ఉండదు. అందులో ఒక పాత్రికేయుడు ప్రశ్నలు వేస్తూ ఉంటాడు, ఒక ఆటగాడు జవాబులు చెబుతూ ఉంటాడు, ఆ ఇద్దరూ తాలే. తనను తాను ఇరుకున పెట్టే ప్రశ్నలు తానే వేసుకుని, తానే తప్పించుకుంటూ, మధ్యలో నవ్విస్తూ సాగుతాడు.

ఆ పుస్తకంలోని ఒక ఘట్టాన్ని ఇక్కడ కాస్త విపులంగా చెప్పనివ్వండి. సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో వాసియుకోవ్ అనే గ్రాండ్‌మాస్టర్‌తో తాల్ ఆడుతున్నాడు. ఆట చిక్కుముడి పడింది. తన గుర్రాన్ని బలి ఇవ్వాలా వద్దా అన్నది ప్రశ్న. ఒక ఎత్తు లెక్క వేస్తే దాని నుంచి నాలుగు, ఆ నాలుగింటి నుంచి పదహారు పుట్టుకొస్తున్నాయి. ఆ గందరగోళంలో, ఎందుకో తెలియదు, రష్యన్ బాలకవి చుకోవ్‌స్కీ గేయంలోని ఒక చరణం అతని తలలోకి వచ్చింది. నీటిగుర్రాన్ని బురదలోంచి బయటికి లాగడం ఎంత కష్టమో కదా అని ఆ చరణానికి అర్థం. అంతే, మహావిజేత బల్లను మరిచిపోయాడు. నిజంగానే నీటిగుర్రాన్ని ఎలా లాగాలి? జాకీలు పెడితేనో, మోకులు కట్టి మీటలతో ఎత్తితేనో, హెలికాప్టరు తెప్పిస్తేనో, తాడునిచ్చెన వేస్తేనో అని ఇంజినీరులా ఆలోచించి, ఏదీ కుదరక, చివరికి విసుగెత్తి “సరే, మునిగిపోనీ!” అనుకున్నాడట. నీటిగుర్రం మాయమైంది. బల్ల వంక చూస్తే ఆట అంత జటిలంగా అనిపించలేదు. ఇది లెక్కకు అందేది కాదని తేల్చుకుని, మనసు చెప్పినట్టు గుర్రాన్ని బలి ఇచ్చి, ఆట గెలిచాడు. మర్నాడు పత్రికలో ఏమని వచ్చిందంటే, తాల్ 40 నిమిషాల పాటు నిశితంగా ఆలోచించి, అణువణువూ లెక్క కట్టి ఆ బలి ఇచ్చాడని! పత్రికలవారు కోపగించుకోరనే నమ్మకంతోనే ఈ సంగతి మీకు రాస్తున్నాను.

కౌంటరు దగ్గర కూర్చుని నేను ఈ పేజీ చదువుతూ పైకే నవ్వితే, పత్రికల గదిలోని పెద్దాయన ఒకరు లేచి వచ్చి, చదరంగం పుస్తకంలో నవ్వు వచ్చేది ఏముందని అడిగారు. ఆయనకు అక్కడే నిలబడి ఆ ఘట్టాన్ని తెలుగులో చెప్పాను. చెబుతున్నప్పుడు గాని నాకు తట్టలేదు, రష్యన్‌లో లేని ఒక చమత్కారం తెలుగులో ఉచితంగా వచ్చి కూర్చుందని. బల్ల మీద ఉన్నది గుర్రం, బురదలో ఉన్నది నీటిగుర్రం. రష్యన్‌లో ఈ రెండు మాటలకూ పొత్తు లేదు. అనువదిస్తే అందం పోతుందని భయపడేవారు, అనువాదంలో అందం చేరిన ఈ చోటు కూడా చూడాలని నా మనవి.

చదరంగం పుస్తకం అనగానే చాలామంది వెనక్కి తగ్గడానికి కారణం అందులోని అక్షరాలూ అంకెలూ. నిజానికి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. గళ్ళకు ఎడమ నుంచి కుడికి ఏ నుంచి హెచ్ వరకు ఎనిమిది అక్షరాలు, తెల్లపావుల వైపు నుంచి నల్లపావుల వైపుకు 1 నుంచి 8 వరకు అంకెలు. రాజు ముందున్న తెల్లబంటు రెండు గళ్ళు నడిస్తే అది ఈ4. అరగంటలో పట్టుబడే విద్య ఇది. పాత ఇంగ్లీషు పుస్తకాలలో మాత్రం వేరే పద్ధతి ఉండేది. అందులో గడిని తెల్లవారి వైపు నుంచి ఒక పేరుతోనూ నల్లవారి వైపు నుంచి మరో పేరుతోనూ పిలిచేవారు. అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ తన 60 ఆటలను ఎంచి 1969లో ప్రచురించిన గ్రంథం తొలి ముద్రణ ఆ పద్ధతిలోనే ఉంది. కాబట్టి పాత ప్రతులు కొనేవారు ముందుగా నాలుగు పేజీలు తిప్పి చూసుకోవడం మంచిది. అన్నట్టు, ఆ పుస్తకంలో ఫిషర్ తాను ఓడిన ఆటలను కూడా చేర్చాడు. అంతటి అహంకారి అని పేరుపడ్డ మనిషి అలా చేయడం చూసి నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

ఎత్తులను దాటవేస్తూ చదివినా రుచి తగ్గని పుస్తకాలలో డేవిడ్ బ్రోన్‌స్టీన్ రాసిన 1953 జ్యూరిక్ టోర్నమెంటు గ్రంథాన్ని ముందు చెప్పాలి. స్విట్జర్లాండులోని నోయ్‌హౌసెన్‌లోనూ జ్యూరిక్‌లోనూ 15 మంది రెండు నెలల పాటు ఒక్కొక్కరితో రెండేసి సార్లు తలపడ్డారు. మొత్తం 210 ఆటలు. స్మిస్లోవ్ మొదటి స్థానం పొందాడు, రచయిత బ్రోన్‌స్టీన్ మరి ఇద్దరితో కలిసి రెండో స్థానం పంచుకున్నాడు. ఆడినవాడే కథ చెబుతున్నాడు కాబట్టి గెలుపోటముల లెక్క కన్నా, ఆ క్షణంలో ఎవరి మనసులో ఏముందన్నదే ప్రధానంగా కనిపిస్తుంది. అవెర్బాఖ్‌తో ఆడిన ఆటలో కొటోవ్ తన మంత్రిని ఒక్క బంటు కోసం బలి ఇచ్చి, తెల్లరాజును ఇంట్లోంచి నడివీధికి లాగి, నల్లపావుల మధ్య ఒంటరిగా నిలబెట్టి, దారులన్నీ నెమ్మదిగా మూసివేసే ఘట్టం చదువుతున్నప్పుడు నాకు పద్మవ్యూహం గుర్తుకు వచ్చింది. ఒక తేడా మాత్రం ఉంది. అభిమన్యుడు కోరి లోపలికి వెళ్ళాడు, ఈ రాజును మెడపట్టి తీసుకువెళ్ళారు. ఆ పుస్తకాన్ని నేను మొదటి నుంచి చివరి వరకు వరసగా చదవలేదు. అది అలా చదవవలసినదీ కాదు. భారతాన్ని ఎక్కడ తెరిచినా ఒక కథ దొరికినట్టు, దీన్ని కూడా ఏ పేజీ తెరిచినా ఒక ఆట దొరుకుతుంది.

పాఠ్యగ్రంథంగా పేరుపడిన, నిమ్జోవిచ్ అనే ఆటగాడు రాసిన పుస్తకం కూడా వినోదానికి చదవదగినదే అంటే కోచ్‌లు నవ్వుతారేమో. 1925లో జర్మన్ భాషలో వెలువడిన ఆ గ్రంథంలో ఆయన పావులకు మనుషుల స్వభావాలు అంటగట్టాడు. ఎదుట అడ్డు నిలిచే శత్రుబంటు లేక ముందుకు దూసుకుపోగల బంటు ఆయన దృష్టిలో నేరస్థుడు. వాడిని తాళం వేసి బంధించాలే గాని, పోలీసు నిఘా వంటి మెతక చర్యలు చాలవని రాస్తాడు. ఒక్కసారి ఇది చదివినవాడు అటువంటి బంటును మళ్ళీ మామూలు కళ్ళతో చూడలేడు. నేను చూసిన కోచింగ్ నోట్సులు ఇదే సూత్రాన్ని ఒక గీత గీసి, కింద ‘ముఖ్యం’ అని రాసి వదిలేశాయి. పిల్లలకు ఏది గుర్తుంటుందో మీరే ఊహించండి.

సైమన్ వెబ్ అనే ఆంగ్ల ఆటగాడు 1978లో రాసిన చిన్న పుస్తకంలో ఆటగాళ్ళు పులులూ కుందేళ్ళూ. మనకన్నా బలవంతుడు ఎదురైతే, తిన్నటి నేల మీద అతనితో పోటీ పడక, ఇద్దరికీ దారి తెలియని బురదలోకి అతన్ని దించాలని ఆయన సలహా. మన పోతన గజేంద్రమోక్షంలో మొసలి పన్నిన ఉపాయం సరిగ్గా ఇదే కదా అని నాకు అనిపించింది. ఒడ్డున ఏనుగుతో గెలవలేనిది, దాన్ని నీళ్ళలోకి లాగింది. తాల్ పుస్తకంలోనూ బురదే, ఇందులోనూ బురదే. చదరంగం రాసేవారికి బురద అంటే ఇంత మక్కువ ఎందుకో నేను చెప్పలేను.

డిటెక్టివ్ కథలు ఇష్టపడేవారికి నేను ఇచ్చేది రేమండ్ స్మలియన్ పుస్తకం. అమెరికాకు చెందిన ఈ తర్కశాస్త్రజ్ఞుడు 1979లో షెర్లాక్ హోమ్స్ చేత చదరంగం బల్లను పరిశోధింపజేశాడు. ఇందులో ప్రశ్న తర్వాతి ఎత్తు ఏమిటన్నది కాదు, ఇంతకు ముందు ఏం జరిగి ఉంటుందన్నది. ఈ పద్ధతి ఎలా ఉంటుందో తెలియడానికి నేను మా మనవడికి వేసిన చిన్న ప్రశ్న చెబుతాను. తెల్లవారి వైపు మంత్రి పక్కనున్న శకటు మొదట సీ1 గడిలో ఉంటుంది. దానికి ముందు ఐమూలగా బీ2లో ఒక బంటు, డీ2లో ఒక బంటు. ఆ రెండు బంట్లూ ఆట మొదలైన దగ్గర నుంచి కదలలేదు. సీ1 గడి ఖాళీగా ఉంది. బల్ల నడుమ మాత్రం తెల్లవారి శకటు ఒకటి నల్లగడిలో నిలబడి ఉంది. ఆ శకటు ఎవరు? సీ1 శకటు ఇల్లు దాటి వచ్చే దారే లేదు కాబట్టి అది పుట్టిన గడిలోనే చచ్చి ఉండాలి. మరి ఈ శకటు అవతలి అంచు చేరి వేషం మార్చుకున్న ఒక బంటు అయి ఉండాలి. మా మనవడు దీనికి రెండు రోజులు తీసుకున్నాడు, ఆ రెండు రోజులూ ఫోను ముట్టుకోలేదు. (మా వైపు దీన్ని శకటు అంటాం. హైదరాబాదు మిత్రులు ఒంటె అంటారు. తెలుగులో పుస్తకం వేసేవారు ఏ మాట వాడినా నాకు అభ్యంతరం లేదు గాని, ‘బిషప్’ అని మాత్రం రాయవద్దని కోరుతున్నాను.)

కథా సాహిత్యంలో రెండింటిని మించి చెప్పను. ఆస్ట్రియా రచయిత స్టెఫాన్ త్స్వైక్ తన చివరి రోజులలో బ్రెజిల్‌లో ఉండి రాసిన పెద్దకథ 1942లో అచ్చయింది. అందులో నాజీల చెరలో ఒంటరి గదిలో ఉన్న ఒక మనిషి, చదవడానికి ఏదైనా దొరికితే చాలునన్న ఆకలితో, గోడకు వేలాడుతున్న కోటు జేబులోంచి ఒక పుస్తకం దొంగిలిస్తాడు. గదికి వెళ్ళి ఆశగా తెరిస్తే అది 150 చదరంగం ఆటల సంకలనం. వాడికి కలిగిన నిరాశను రచయిత వర్ణించిన తీరు చూస్తే, మా గ్రంథాలయంలో కవితల పుస్తకం అనుకుని 794.1 పుస్తకం తెరిచిన వారి ముఖాలు గుర్తొస్తాయి. ఆ తరువాత అతడు గళ్ళ దుప్పటిని బల్లగా, రొట్టె ముద్దలను పావులుగా చేసుకుంటాడు. అక్కడి నుంచి ఏమవుతుందో చెప్పి చదవబోయేవారి ఆనందాన్ని పాడుచేయను. రెండోది ప్రేమ్‌చంద్ 1924లో రాసిన కథ. 1856లో అవధ్ రాజ్యం ఇంగ్లీషు వారి పాలవుతుంటే లక్నోలో ఇద్దరు జమీందార్లు పావులు కదుపుతూ కూర్చుంటారు. సత్యజిత్ రాయ్ 1977లో దీన్ని సినిమాగా తీశారు, కాని కథ ముగింపు సినిమా ముగింపు కన్నా కఠినమైనది.

మన దేశపు ఆటగాళ్ళ పుస్తకాలకు కూడా కొదవ లేదు. విశ్వనాథన్ ఆనంద్ 2019లో సుసాన్ నైనన్‌తో కలిసి వెలువరించిన ఆత్మకథ పిల్లల చేతికి ఇవ్వదగినది. ఆనంద్ చిన్నతనంలో మనీలాలో ఉండగా టెలివిజన్‌లో రోజూ ఒక చదరంగం పజిల్ వచ్చేది. ఆయన బడిలో ఉన్న సమయంలో తల్లి సుశీల గారు దాన్ని రాసి పెట్టేవారు, సాయంత్రం ఇద్దరూ కలిసి సాధించి జవాబు పంపేవారు. బహుమతి ఒక పుస్తకం. వరసగా గెలుస్తూ పోతే, నిర్వాహకులు పిలిచి, కావలసినన్ని పుస్తకాలు తీసుకుపో గాని ఇక జవాబులు పంపవద్దని బతిమాలారట. 2010లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతపు బూడిద వల్ల విమానాలు ఆగిపోతే, తొపలోవ్‌తో ప్రపంచ పోటీ కోసం ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సోఫియాకు దాదాపు 40 గంటలు రోడ్డు మీద ప్రయాణించి వెళ్ళి గెలిచిన సంగతి ఒక సాహసయాత్రను తలపిస్తుంది.

మీర్ సుల్తాన్ ఖాన్ గురించి డేనియల్ కింగ్ 2020లో రాసిన జీవితచరిత్రను నేను మరింత ఆసక్తితో చదివాను. పంజాబులోని ఒక జమీందారు కొలువులో ఉన్న సుల్తాన్ ఖాన్, ఆయనతో పాటు 1929లో ఇంగ్లండు వెళ్ళి ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు, 1932లోనూ 1933లోనూ మళ్ళీ గెలిచాడు, హేస్టింగ్స్ టోర్నమెంటులో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకా అంతటివాణ్ణి ఓడించాడు, తర్వాత స్వదేశానికి వచ్చి మరుగున పడిపోయాడు. అంతర్జాతీయ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది 2024లో. ఆయన చిన్నప్పుడు నేర్చినది నాటు ఆట. అందులో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే నడుస్తుంది. మా తాతగారి అరుగు మీద నేను నేర్చుకున్నదీ అదే ఆట. రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చునన్న నియమం చెప్పి, బడి టోర్నమెంటులో అలా దూకించి, నేను మొదటి ఆటలోనే నవ్వులపాలయ్యాను. అందుచేత సుల్తాన్ ఖాన్ కొత్త నియమాలు నేర్చుకోవడానికి పడిన అవస్థ నాకు పరాయిదిగా అనిపించలేదు.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయి, 2019లోనూ 2024లోనూ ర్యాపిడ్ (తక్కువ వ్యవధి ఆట) ప్రపంచ విజేతగా నిలిచారు. ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ గుంటూరు వారు. వరంగల్ అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటారు. అదే నెల 12న సింగపూరులో ప్రపంచ విజేత అయిన గుకేశ్ చెన్నైలో ఒక తెలుగు ఇంట పుట్టినవారు. ఇంతమంది ఆటగాళ్ళు వచ్చిన భాషలో, ఆట గురించి హాయిగా చదువుకునే పుస్తకం కావాలని ఒక పాఠకుడు అడిగితే, గ్రంథపాలకుణ్ణి అయి ఉండి ఇంగ్లీషు పుస్తకం చేతికివ్వడం నాకు చిన్నతనంగా ఉండేది. ఆ ఇంగ్లీషు పుస్తకాలైనా మన ఊళ్ళ దుకాణాలలో దొరకవు, తెప్పించుకుంటే ఒక్కొక్కటి వెయ్యి రూపాయలు దాటుతుంది.

మరో సంగతి. రెండేళ్ళ కిందట మా చుట్టుపక్కల జరిగిన ఒక పిల్లల టోర్నమెంటుకు నన్ను అతిథిగా పిలిచారు. షీల్డులతో పాటు నా సొంత ఖర్చుతో పది పుస్తకాలు కొని బహుమతులుగా ఇచ్చాను. కార్యక్రమం ముగిశాక ఒక తండ్రి తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చి, మర్యాదగానే, పుస్తకం వెనక్కి తీసుకుని దాని బదులు షీల్డు ఇప్పించగలరా అని అడిగారు. షీల్డు అయితే హాలులో పెట్టుకోవచ్చునట. నిర్వాహకులు వెంటనే ఒకటి తీసి ఇచ్చేశారు. పిల్లవాడు మాత్రం ఆ పుస్తకంలో ఏదో బొమ్మ చూస్తూ ఉండిపోయాడు, చేతిలోంచి తీసుకోవలసి వచ్చింది. నన్ను బాధించినది తండ్రి కోరిక కాదు. దాన్ని ఎవరూ వింతగా చూడకపోవడం.

కాబట్టి నా విన్నపాలు ఇవి. మీ పత్రిక ప్రతివారం చదరంగం పజిల్ ప్రచురిస్తోంది, సంతోషం. నెలకు ఒక్కసారి, క్రీడల పేజీలో గాక సాహిత్య పేజీలో, ఇటువంటి ఒక పుస్తకాన్ని పరిచయం చేయించండి. ప్రచురణకర్తలు హక్కులు సంపాదించి తాల్ పుస్తకాన్నీ ఆనంద్ పుస్తకాన్నీ తెలుగు చేయిస్తే, కనీసం శిక్షణ కేంద్రాలు కొంటాయని నా అంచనా. టోర్నమెంటులు నిర్వహించేవారు అయిదు షీల్డులకు ఒక పుస్తకం చొప్పున ఇచ్చినా చాలు. అనువాదకులు ఆటగాళ్ళు కానక్కరలేదు, ఆటగాడొకరు పక్కన కూర్చుని ఎత్తులు సరిచూస్తే సరిపోతుంది. పావుల పేర్లూ ఎత్తులు రాసే పద్ధతీ తెలుగులో ఎలా ఉండాలో ఒక చిన్న పట్టిక తయారు చేసి ఉంచాను. అవసరమైనవారికి పంపగలను.

మొదటి పరిచయం రాయమంటే నేను సిద్ధమే. అయితే కొంత వ్యవధి కావాలి. నా దగ్గరున్న తాల్ పుస్తకాన్ని మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి తీసుకువెళ్ళి రెండు నెలలైంది. పదిహేను రోజులలో ఇస్తానని చెప్పింది. ఉద్యోగంలో ఉండగా గడువు దాటితే రోజు లెక్కన జరిమానా వసూలు చేసినవాణ్ణి, ఈ పుస్తకం విషయంలో మాత్రం ఇంతవరకు అడగలేదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
తెనాలి.